ఆఫీస్ కాపీ

ఎల్లారెడ్డిలో తహసీల్ ఆఫీసు ఎదురుగా ఉన్న గౌస్ టైపింగ్ సెంటర్ పొద్దున తొమ్మిదిన్నరకు తెరుచుకుంటుంది. సాయిలత ముందు షట్టరు ఎత్తుతుంది, గడప ముందు కాసిని నీళ్ళు చల్లుతుంది, కంప్యూటర్ స్విచ్ వేసి అది లేచేలోపు ప్రింటరుకు కాగితాలు పెడుతుంది. సోమవారమైతే ఆ పాటికే బయట పదిమంది నిలబడి ఉంటారు. ప్రజావాణి రోజు కదా, చుట్టుపక్కల ఊళ్ళ ఫిర్యాదులన్నీ ఆ ఒక్కరోజే కాళ్ళు మొలిచి బస్సెక్కుతాయి.

ఆ దుకాణంలో టోకెన్లు ఇవ్వరు. గడప దాటగానే ఎవరి నంబరు వాళ్ళకు తెలిసిపోతుంది. వరసకు నంబరు వేయమని, ఆ దుకాణం పెట్టిన గౌస్ సాబ్ అర్జీలు కొట్టే ఎడిటర్ సెట్టింగుల్లో రాసిపెట్టాడు, అందుకని. అరవై అక్షరాలు దాటితే లైను విరిచి కిందికి దింపమని రాశాడు, అందుకని ఎంత వాగుడుకాయైనా అక్కడ అరవై అక్షరాలకోసారి ఆగి ఊపిరి పీల్చుకోవాల్సిందే. వకీళ్ళు ఆ దుకాణానికి స్వయంగా రాకుండా గుమాస్తాలను పంపేది ఈ కారణం చేతనే. తెల్ల తెర కళ్ళకు పడదని పాత కాగితం రంగు పెట్టుకున్నాడు, అందుకని ఏ వేళకు వెళ్ళినా లోపల సాయంత్రం నాలుగు గంటల వెలుగే ఉంటుంది. రెండక్షరాలు కొడితే 'మహారాజశ్రీ తహసీల్దారు గారి సముఖమునకు' అని మొత్తం పడేలా పొట్టిమాటలు రాసుకున్నాడు, అందుకని రైతు వచ్చి "మా పాలోడు... గెట్టు..." అంటే చాలు, పొలం హద్దు మీద దాయాదుల తగాదా కథంతా అక్కడున్నవాళ్ళకు అర్థమైపోతుంది.

ఆ ఎడిటర్ పెద్ద హంగుదేం కాదు. బొమ్మలూ పూలూ లేకుండా ఉత్త అక్షరాలు కొట్టుకునేది. గౌస్ సాబ్ పాతికేళ్ళు టైపు మిషన్ మీద కొట్టి, ఆ తర్వాత కంప్యూటరుకు మారి, పదిహేనేళ్ళపాటు ఒక్కో లైనూ చెక్కుకుంటూ ఆ సెట్టింగుల ఫైలు తయారుచేశాడు. ఫైలులో ఏం రాస్తే దుకాణం అలా నడిచేది. ఎందుకు నడుస్తుందని ఎల్లారెడ్డిలో ఎవరూ అడగలేదు. ఎసట్లో బియ్యం పోస్తే అన్నం ఎందుకవుతుందని ఎవరైనా అడుగుతారా?

అన్నిటికంటే పేరొచ్చింది మాత్రం 'వెనక్కి' కీలకు. రెండు కీలు కలిపి నొక్కితే కొట్టింది వెనక్కి పోవడం ఏ కంప్యూటర్లోనైనా ఉన్నదే. గౌస్ సాబ్ దానికి హద్దు పెట్టలేదు, ఎంత వెనక్కైనా పోవచ్చని రాశాడు. కాబట్టి ఆ నాలుగు గోడల మధ్య ఎవరైనా నోరు జారితే, అన్నవాడూ పడ్డవాడూ ఇద్దరూ అక్కడే ఉంటే, ఆ మాట తీసేయవచ్చు. గుచ్చుకున్న మాటలకే ఈ లెక్క. చాయ్ చెప్పడాలూ బాగోగులు అడగడాలూ ఇందులోకి రావు. కీలు నొక్కగానే పడ్డవాడి మనసులోంచి మాట పోతుంది, అన్నవాడికి మాత్రం గుర్తుండిపోతుంది. "అన్నోనికి యాదికుండాలె, పడ్డోనికి యాదికుండద్దు. గదే ఇన్సాఫ్, గదే న్యాయం" అనేవాడు గౌస్ సాబ్. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమనే సామెతకు జిల్లా మొత్తంలో ఆ ఒక్క దుకాణమే మినహాయింపు. గడప అవతల అన్న మాటకు మాత్రం ఏ కీలూ పనిచేయవు.

ఈ సదుపాయాన్ని అందరికంటే బాగా వాడుకున్నది భూమయ్య, వెంకటి అనే అన్నదమ్ములు. ఇద్దరూ యాభై దాటినవాళ్ళే. వాళ్ళకు ఒకటే వాకిలి, ఒకటే బోరు, ఒకటే మోటారు, ఒకటే తల్లి. ఇంట్లో తిట్టుకుంటే తల్లి మంగవ్వ కట్టె పట్టుకుంటుంది కనుక, పదకొండేళ్ళుగా ప్రతి సోమవారం ఒకే టీవీఎస్ మీద వచ్చి, బెంచీ మీద పక్కపక్కన కూర్చుని, వారం రోజుల కోపమంతా అక్కడే కక్కేవాళ్ళు. భూమయ్యకు ప్రతి మాటా రెండుసార్లు అనడం అలవాటు. చిన్నప్పుడు చెవిటి తాతకు చెప్పి చెప్పి అలా అయ్యాడట. అంతా అయ్యాక సాయిలత కీలు నొక్కేది. ఇద్దరూ చెరో చాయ్ తాగి, నవ్వుకుంటూ ఇంటికి పోయేవాళ్ళు.

ఇలాంటి దుకాణానికి ఆపరేటింగ్ సిస్టం అప్‌గ్రేడ్ వచ్చి పడింది.

ఏడాది నుంచీ కంప్యూటర్ అడుగుతూనే ఉంది, ఇప్పుడు మార్చమంటారా, తర్వాతనా అని. సాయిలత రోజూ 'తర్వాత' నొక్కేది. చివరికి అది అడగడం మానేసి, మొండికేసి, పని మధ్యలో పడుకోవడం మొదలుపెట్టింది. కామారెడ్డి నుంచి అక్షయ్ అనే రిపేరాయన ఆదివారం వచ్చాడు. చేతిలో పెన్‌డ్రైవ్, మెడలో ఇయర్‌ఫోన్, ముఖంలో డాక్టరుకు కూడా ఉండనంత ధీమా.

"అక్కా, పాతదంతా తుడిచి కొత్తది ఏస్త. నీ ఫైల్లన్నీ కాపీ చేసి పెడ్త, పరేషాన్ గాకు."

అన్నట్టే చేశాడు. అర్జీలు, అఫిడవిట్లు, సాయిలత మేనకోడలి ఓణీల ఫంక్షన్ ఫొటోలు, అన్నీ భద్రంగా తీసిపెట్టాడు. గౌస్ సాబ్ సెట్టింగుల ఫైలు పేరు మాత్రం చుక్కతో మొదలవుతుంది. చుక్కతో మొదలయ్యే పేర్లు కంప్యూటర్లో మామూలుగా కనపడవు. కనపడనిదాన్ని అక్షయ్ కాపీ చేయలేదు.

సోమవారం షట్టరు ఎత్తగానే సాయిలత కళ్ళు మూసుకుంది. దుకాణం నిండా సున్నం కొట్టినంత తెల్లటి వెలుగు. జనం లోపలికి వచ్చి "నాదెంత నంబర్?" అని ఒకర్నొకరు అడుక్కుంటున్నారు, తోసుకుంటున్నారు. గెట్టు తగాదా చెప్పబోయిన రైతు తాత కాలం నుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పాల్సి వచ్చింది. ఆ గందరగోళంలోకి భూమయ్య, వెంకటి వచ్చి కూర్చున్నారు.

అరవై అక్షరాల అడ్డు లేకపోవడంతో వెంకటి మోటారు స్టార్టరు గురించి నాలుగు నిమిషాలు ఊపిరి తీయకుండా అన్నను తిట్టాడు. మామూలుగా అయితే మధ్యమధ్యలో ఆగేవాడు, ఆ సందులో భూమయ్య కోపం కాస్త కాస్త బయటికి పోయేది. ఈసారి సందు దొరకలేదు. దొరికేసరికి అంతా ఒక్కసారే వచ్చేసింది.

"నువ్వు మా అవ్వ కన్నోడివే కాదురా! నిజాంసాగర్ కాలువల కొట్టుకొచ్చినోడివి! కాలువల కొట్టుకొచ్చినోడివి!"

సాయిలత గబగబా కీలు నొక్కింది. మళ్ళీ నొక్కింది. పదిసార్లు నొక్కింది. కొత్త ఎడిటర్ సొంత సెట్టింగు ప్రకారం వెనక్కి పోయేది ఒక్క అడుగే. భూమయ్య రెండోసారి అన్న మాట పోయింది. మొదటిది అలాగే ఉండిపోయింది.

వెంకటి లేచాడు. ఏడవలేదు, అరవలేదు. చాయ్ కూడా తాగలేదు, అందరికీ భయమేసింది దానికే. టీవీఎస్ ఎక్కకుండా ఆటోలో ఇంటికి పోయాడు. సాయంత్రానికి వాకిట్లో ట్రాక్టరు ఇటుకలు దిగాయి. శుక్రవారం పొద్దున వాకిలి మధ్యలోంచి గోడ లేస్తుందని చెప్పి, ఎవరితోనూ మాట్లాడకుండా తలుపేసుకున్నాడు.

సాయిలత అక్షయ్‌కు ఫోన్ చేసింది.

"ఒకపారి ఆఫ్ చేసి ఆన్ చెయ్యక్కా, అదే మంచిగైతది."

అది తప్ప ఏదైనా చేయవచ్చు. ఎడిటర్ కిటికీ తెరిచి ఉన్నంతవరకు వెనక్కి తీయాల్సిన మాటల లెక్క లోపలెక్కడో ఉంటుంది. మూసేస్తే సోమవారం మాట ఇక బండ మీద చెక్కినట్టే. ఆ సంగతి సాయిలతకు పనికి చేరిన మొదటి వారంలోనే గౌస్ సాబ్ నేర్పాడు. అందుకని ఆ రాత్రి కంప్యూటర్ ఆపలేదు. స్విచ్‌బోర్డుకు 'ముట్టవద్దు' అని కాగితం అంటించి ఇంటికి పోయింది.

మంగళవారం పొద్దున ఆమె వచ్చేసరికి మంగవ్వ షట్టరు ముందు కూర్చుని ఉంది. ఎనభై ఏళ్ళ మనిషి, చేతిలో కట్టె.

"ఆ మాట తీసెయ్యి బిడ్డా. ఇద్దర్నీ నేనే కన్న. ఈ చిన్నోడైతే రెండొద్దులు సతాయించి పుట్టిండు, కాలువల కొట్టుకొచ్చుడు గంత అల్కగైతె నేనెందుకు గంత తిప్పలపడుదు?"

"చేస్తున్ననవ్వా. సెట్టింగులు పోయినయి."

"ఏడికి పోయినయి?"

సాయిలత వంగి షట్టరు ఎత్తింది. మంగవ్వ లోపలికి వచ్చి స్విచ్‌బోర్డు కింద స్టూలు వేసుకుని, కట్టె అడ్డం పెట్టి కూర్చుంది. ఆ తర్వాత మూడు రోజులూ పగలు ఆ స్విచ్‌ల జోలికి ఫ్యాను వేసుకోవడానికి కూడా ఎవరూ వెళ్ళలేదు.

సాయిలత గుర్తున్నవి గుర్తున్నట్టు ఒక్కో సెట్టింగూ పెట్టి చూసింది. అక్షరాల సైజు పెంచితే లోపలున్నవాళ్ళ గొంతులన్నీ మైకు పెట్టినట్టు మోగాయి, తహసీల్ ఆఫీసు అటెండరు రోడ్డు దాటి వచ్చి కొట్లాట ఏమిటని అడిగాడు. లైను ఎన్ని అక్షరాలకు విరగాలో గుర్తులేక ఎనిమిది పెట్టింది. ఆదాయం సర్టిఫికెట్ కోసం వచ్చిన ఒక పెద్దమనిషి తన పేరు, తండ్రి పేరు చెప్పేసరికి మధ్యాహ్నమైంది. వెనక్కి పోయే లెక్క మార్చే చోటు మాత్రం మెనూలన్నీ వెతికినా దొరకలేదు. అది గౌస్ సాబ్ తన చేత్తో రాసుకున్న లైను. బుధవారం సాయంత్రం దాకా చూసి, ఇక చేసేదేం లేక, తాను రెండేళ్ళుగా తప్పించుకుంటున్న పనికి సిద్ధపడింది. కామారెడ్డి పోయి గౌస్ సాబ్‌ను అడగాలి.

తప్పించుకోవడానికి కారణముంది. సాయిలత పద్దెనిమిదేళ్ళప్పుడు ఆ దుకాణంలో పనికి చేరింది. కీబోర్డు మీద వేళ్ళు ఎక్కడ పెట్టాలో దగ్గర్నుంచి మనిషి ముఖం చూసి అర్జీ ఎలా రాయాలో దాకా అన్నీ నేర్పింది గౌస్ సాబే. ముసలితనంలో ఆయన చేతులు వణకడం మొదలైంది. ఒక్కో అక్షరం రెండుసార్లు పడేది. ఒకరోజు అలా కొట్టిన అర్జీ ఆఫీసులో తిప్పి పంపారు, సాయిలత మూడుసార్లు మళ్ళీ కొట్టింది. మర్నాడు పొద్దున గౌస్ సాబ్ రోడ్డు అవతల చాయ్ బండి దగ్గర నిలబడి "బేటా, ఒక మాట..." అంటూ జేబులో చెయ్యి పెట్టాడు. చిరాకులో ఉన్న సాయిలత విననైనా వినలేదు.

"మీ చేతులు వణుకుతున్నయి చాచా. మీరున్నా ఒకటే, లేకున్నా ఒకటే. ఇంట్ల కూసోండ్రి."

ఆయన జేబులోంచి చెయ్యి తీశాడు. చాయ్ చివరిదాకా తాగాడు. ఎదురుగా ఆగిన కామారెడ్డి బస్సెక్కి కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. మాట అన్నది గడపకు ముప్పై అడుగుల దూరంలో. సాయిలత ఆ రోజు దుకాణంలోకి పరుగెత్తి కీలు నొక్కుతూనే ఉంది, ఏమీ కాలేదు.

బుధవారం రాత్రే దుకాణం తాళంచెవి మంగవ్వకు అప్పజెప్పి, గురువారం తెల్లవారి బస్సుకే బయల్దేరింది. స్టేషన్ వెనక గల్లీలో ఆయన కూతురు షిరీన్ ఇల్లు. తలుపు తీసింది షిరీన్. "అబ్బా కోసమా? రా అక్కా" అని లోపలికి పిలిచి, ఇడ్లీలు పెట్టింది. గౌస్ సాబ్ మంచం మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. మనిషి తగ్గాడు, మర్యాద తగ్గలేదు. సాయిలత సంగతంతా చెప్పింది. ఆయన విని తల ఊపాడు.

"నాకేమెరుక బేటా? నా చేతులు వణుకుతయి గద."

ఆమె మాట ఆమెకే తిప్పి వడ్డించాడు. సాయిలత తల దించుకుంది.

"తప్పయింది చాచా."

"తప్పేముంది? ఉన్నమాటే. రోడ్డు మీది మాటకు కీలు లేవు, నీకెరుకే గద." పేపరు మడిచాడు. "గానీ మంగవ్వ ఇంట్ల గోడ లేవద్దు. షిరీన్, ఆ పెట్టె ఇటు దియ్యి."

గౌస్ సాబ్ టైపు మిషన్ కాలం మనిషి. ఆ కాలంలో కార్బను పెట్టకుండా ఒక్క కాగితమూ మిషన్‌కు ఎక్కేది కాదు. ఒరిజినల్ పార్టీకి, అంటే కాగితం కొట్టించుకున్నవాళ్ళకు; ఆఫీస్ కాపీ దుకాణం ఫైలుకు. కంప్యూటర్ వచ్చాక కూడా ఆయనకు ఆ నమ్మకం పోలేదు. రేకు పెట్టెలోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు, కవరులోంచి మూడు కాగితాలు తీశాడు. పైన ఎర్ర సిరాతో 'ఆఫీస్ కాపీ' అని ముద్ర. సెట్టింగుల ఫైలు మొత్తం, అరవై రెండు లైన్లు, పక్కన ఉర్దూలో పెన్నుతో చిన్న చిన్న దిద్దుబాట్లు.

సాయిలత ప్రాణం లేచొచ్చింది. వేలు పెట్టి ఒక్కో లైనూ చూసుకుంటూ చివరికి వచ్చింది. అరవై రెండో లైను టైపు చేసింది కాదు, పెన్నుతో రాసింది. అక్షరాలు వంకర్లు పోయాయి. ఒకే అక్షరం వెంటవెంటనే రెండుసార్లు పడితే ఒకటిగానే తీసుకోవాలి, అని ఆ లైను అర్థం. పక్కన తేదీ ఉంది. ఆ తేదీ సాయిలతకు బాగా తెలుసు. రెండేళ్ళుగా ఆ తేదీనే తలుచుకుంటోంది.

చేతులు వణికితే ఏం చేయాలో ఆయనే ఆలోచించి, రాసుకుని, జేబులో పెట్టుకుని వచ్చాడు ఆ రోజు. చెప్పనివ్వలేదు తను. సాయిలత కొంగుతో కళ్ళు తుడుచుకుంది. గౌస్ సాబ్ గోడ మీద క్యాలెండరు చూస్తూ కూర్చున్నాడు.

"ఈ ఉర్దూ దిద్దుబాట్లు నాకు సదవరావు చాచా. మీరు రావాలె" అంది చివరికి.

"పనైనంక మల్ల పోత" అన్నాడాయన, చిన్న సంచి సర్దుకుంటూ.

బస్సులో సాయిలతది ఆడవాళ్ళకిచ్చే ఉచిత జీరో టికెట్, ఆయనది డబ్బుల టికెట్. ఆమె ముందు సీటులో, ఆయన వెనక నుంచి మూడో సీటులో.

మూడు గంటలకు ఎల్లారెడ్డిలో దిగేసరికి మంగవ్వ స్విచ్‌బోర్డు కింద కట్టె పట్టుకుని అలాగే ఉంది. భూమయ్య బెంచీ మీద తల పట్టుకుని కూర్చున్నాడు. వెంకటిని తల్లి పొద్దున్నే కబురు పెట్టి రప్పించింది గానీ, ఆ గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్నాడట. రోడ్డు అవతల చాయ్ బండి దగ్గర, ఇటు వీపు పెట్టి నిలబడ్డాడు.

గౌస్ సాబ్ తెల్లటి వెలుగు చూసి "యా అల్లా, గిది దుకాణమా, ఆపరేషన్ థియేటరా?" అని కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. సాయిలత కుర్చీ ఆయన వైపు జరిపింది. ఆయన కూర్చోలేదు. పక్కన స్టూలు లాక్కుని, కాగితాలు మోకాళ్ళ మీద పరుచుకున్నాడు.

"నేను చెప్త, నువ్వు కొట్టు."

పాత కిటికీని ముట్టుకోకుండా, ఇంకో కిటికీ తెరిచి, సాయిలత మొదలుపెట్టింది. పదిహేనో లైనులో కరెంటు పోయింది. యూపీఎస్ బీప్ అంది. దాని ఆయుష్షు పదిహేను నిమిషాలు.

"మంగవ్వా, కరెంటు నువ్వు తీసినవా?" అన్నాడు గౌస్ సాబ్.

"నేనెందుకు దీస్త? ముట్టుకున్నోని చెయ్యి ఇరగ్గొడ్త."

సాయిలత వేళ్ళు పరుగెత్తాయి. ఇరవై, ముప్పై, యాభై. యాభై ఒకటో లైను దగ్గర గౌస్ సాబ్ చదవడం ఆపాడు. అది దుకాణం హద్దు ఎక్కడిదాకా అని చెప్పే లైను. ఆఫీస్ కాపీలో 'గడప' అని ఉంది.

"వెంకటి లోపటికి రాడు గద" అంది సాయిలత. "హద్దు జరపరాదా చాచా?"

"జరపొచ్చు. గానీ బయట పడ్డ మాటలన్నీ లోపటికొస్తయి. ఎన్నేండ్లవైనా సరే, కొత్తగ లోపటికొచ్చినయి గావట్టి అవే కొత్తవి. వెనక్కి నొక్కితే ముందుగాల అవే పోతయి, గా తర్వాతనే సోమవారంది."

యూపీఎస్ బీప్ అంది. సాయిలత ఆయన వైపు చూసింది. ఆయన కాగితం వైపు చూస్తున్నాడు.

"చాయ్ బండి దాకా కొట్టు" అన్నాడు.

సాయిలత కొట్టింది. అరవై రెండో లైనుకు వచ్చేసరికి గౌస్ సాబ్ కాగితాలు మడవబోయాడు, "అయిపోయినయి" అంటూ. సాయిలత ఆ కాగితం మీద చెయ్యి పెట్టి ఆపి, చివరి లైను తనే చూసి కొట్టింది. సేవ్ చేసింది. సెట్టింగులు మళ్ళీ చదవమని ఎడిటర్‌కు చెప్పింది.

ఏమీ కాలేదు. తెల్లటి వెలుగు అలాగే ఉంది.

ఫోన్ తీసి అక్షయ్‌కు చేసింది. "ఫైలు పాత జాగాలనే పెట్టిన, సదువుత లేదు!"

"ఆఫ్ చేసి..."

"ఆఫ్ అన్నవంటే కామారెడ్డికొచ్చి కొడ్త!"

అక్షయ్ గొంతు సర్దుకున్నాడు. "కొత్త దాంట్ల సెట్టింగుల ఫోల్డర్ మారిందక్కా. కాన్ఫిగ్ అని ఒకటుంటది, అది గూడ కనపడది. అందుల వెయ్యి."

ఆ చుక్క ఫైలును ఆ కనపడని ఫోల్డరులో పెట్టి, మళ్ళీ చదవమంది సాయిలత. అంతే, గోడల మీదికి సాయంత్రం నాలుగు గంటల వెలుగు మెల్లగా దిగింది. బెంచీ మీద కూర్చున్న ముగ్గురు రైతులు తమ నంబర్లు తెలిసి సర్దుకుని కూర్చున్నారు. హద్దు జరిగింది కనుక ఆ వెలుగు గడప దాటి, రోడ్డు దాటి, చాయ్ బండి మీద, వెంకటి వీపు మీద పడింది.

యూపీఎస్ ఆపకుండా కూయడం మొదలుపెట్టింది.

"నొక్కు బేటా. ఆగకు" అన్నాడు గౌస్ సాబ్.

సాయిలత నొక్కింది. చాయ్ బండి దగ్గర ఇన్నేళ్ళుగా పడిన మాటలన్నీ ఒక్కొక్కటే పోవడం మొదలైంది. ఏడాదిగా ఎడమొహం పెడమొహంగా ఉన్న ఇద్దరు ఆటోవాళ్ళు ఒకర్నొకరు చూసుకుని బీడీ అడిగి తీసుకున్నారు. చిల్లర దగ్గర తిట్లు తిన్న ప్రయాణికుడొకడు పోయే బస్సు కండక్టరుకు చెయ్యి ఊపాడు. తహసీల్ ఆఫీసు అటెండరు చాయ్ బండాయనతో "అన్నా, గిన్నొద్దులాయె నీ చాయ్ తాగక" అన్నాడు. సాయిలత నొక్కుతూనే ఉంది. ఒక్కసారి మాత్రం, ఒకే ఒక్కసారి, ఆమె వేలు కీ మీద ఆగింది. తర్వాత గట్టిగా నొక్కింది. ఆ పైన ఇంకొక్కటి నొక్కింది.

యూపీఎస్ గప్‌చుప్ అయిపోయింది. తెర నల్లబడింది. ఏ మాట ఎక్కడిదాకా పోయిందో ఎవరికీ తెలియలేదు.

రోడ్డు అవతల వెంకటి ఇటు తిరిగాడు. చాయ్ గ్లాసు పెట్టేసి, అటూ ఇటూ చూసి, రోడ్డు దాటి, గడప తొక్కి లోపలికి వచ్చాడు.

"అన్నా, వాకిట్ల గా ఇటుకలెందుకు తెప్పిచ్చిన నేను?"

భూమయ్యకు మాట గుర్తుంది. అన్నవాడు కదా. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నోరు తెరిచాడు, ఎప్పటిలా రెండుసార్లు అందామనే తెరిచాడు. అరవై రెండో లైను పనిచేసిందో ఏమో, మాట ఒక్కసారే వచ్చింది.

"అవ్వ బర్రెకు కొట్టం కడదామంటివి గదరా తమ్మీ."

"అవునా? అయితే తలుపు తూర్పుకు పెడదాం."

"పడమరకు పెట్టాలెరా, తూర్పుకు ఎండ గొడ్తది!"

"నీకేమెరుక బర్రెల గురించి?"

మంగవ్వ కట్టె నేలకు కొట్టి లేచింది. "ఇద్దర్నీ నేనే కన్న" అని దుకాణం మొత్తానికి చెప్పి, ముందు నడిచింది. టీవీఎస్ మీద ముగ్గురూ ఎలా సరిపోయారో గానీ పోయారు. పోతూ పోతూ తలుపు ఎటు పెట్టాలో గొడవపడుతూనే ఉన్నారు.

కరెంటు వచ్చింది. సాయిలత కంప్యూటర్ స్విచ్ వేసి, ఇద్దరికీ చాయ్ చెప్పింది. గౌస్ సాబ్ కాగితాలు కవరులో పెట్టి, సంచి భుజానికేసుకుని గడప దాకా వెళ్ళాడు. రోడ్డు మీద కామారెడ్డి బస్సు హారన్ కొడుతోంది. ఆయన బస్సు వైపు చూశాడు, భుజం మీది సంచి వైపు చూశాడు, వెనక్కి తిరిగాడు.

"బేటా, నేనేడికి పోతున్న?"

సాయిలత కుర్చీలోంచి లేచింది.

"గిన్నొద్దులు కామారెడ్డిల నేను ఏం చేస్తున్న? దుకాణం నిన్నొక్కదాని మీద ఇడిచిపెట్టి?"

"ఆఫీస్ కాపీ తెస్తనని పోతిరి గద చాచా" అంది సాయిలత. "జర లేటయింది."

"రెండేండ్లా?"

"బస్సులు టైముకు దొరకలే."

గౌస్ సాబ్ కాసేపు ఆలోచించాడు. ఎల్లారెడ్డి బస్సుల సంగతి తెలిసినవాడు కనుక నమ్మినట్టే కనిపించాడు. సంచి మేకుకు తగిలించి, తన కుర్చీ తనే లాక్కుని కూర్చున్నాడు. చాయ్ వచ్చింది. కప్పూ సాసరూ చేతిలోకి తీసుకున్నాడు. సాయిలత అలవాటు కొద్దీ చెవులు రిక్కించింది, వణికే చేతిలో సాసరు మీద కప్పు గలగలలాడే ఆ చప్పుడు కోసం. చాయ్ సగమయ్యేదాకా చూసింది. చప్పుడు రాలేదు.

"తర్వాత ఎవల్ది?" అని కేకేశాడు గౌస్ సాబ్.

తన నంబరు తెలిసిన రైతు బెంచీ మీంచి లేచి వచ్చాడు. గౌస్ సాబ్ కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. రెండక్షరాలు కొట్టగానే 'మహారాజశ్రీ తహసీల్దారు గారి సముఖమునకు' అని తెర మీద పడింది. ఆ కింద రైతు పేరు, తండ్రి పేరు, ఊరు ఆయన కొడుతూ పోయాడు, ఒక్కో అక్షరం ఒక్కోసారే పడింది. సాయిలత ప్రింటరులో కాగితం పెట్టింది. ఒకటి పార్టీకి, ఒకటి ఫైలుకు.